మహానందిలో సత్రం కట్టబోయే ఆర్కిటెక్టుకు ఏడు చిట్కాలు

నంద్యాల దాటి నల్లమల అంచుకు వెళితే మహానంది. శివరాత్రికి, కార్తీకానికి జనం పోటెత్తే చోటు. అక్కడ సత్రం ప్లాను మీ చేతికొచ్చిందంటే అదృష్టమే. దాన్ని అందరికీ పనికొచ్చేలా గీసి పాడుచేసుకోకండి. సమానత్వం, సేవ అన్న మాటలు ఆఫీసు బ్రోషర్లో ఉంటే చాలు, సైటు దాకా రానివ్వకూడదు. ఎలాగంటే:

1. ముందు బేస్‌మట్టం మూడడుగులు లేపండి. ఠీవిగా ఉంటుంది. చక్రాల కుర్చీలకు ర్యాంపు అడుగుతారు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలంటే 36 అడుగులు కావాలి. అంత జాగా దండగ. ఆరడుగుల్లో ముగించండి. ఎక్కలేనివాళ్ళను ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, వాళ్ళకు పుణ్యం. మిగతా రోజుల్లో మోటారు సైకిళ్ళు ఎక్కించుకోవచ్చు.

2. నేలంతా నున్నటి పాలిష్ గ్రానైటు పరిపించండి. కోనేట్లో మునిగి తడికాళ్ళతో వచ్చే ముసలమ్మ అందులో ముందు ముఖం చూసుకుంటుంది, తర్వాత జారి పడుతుంది. జిల్లాలోనే బేతంచెర్ల నాపరాయి దొరుకుతుంది. పాలిష్ పట్టకపోతే కాలికి పట్టు ఉంటుంది, క్వారీ కూలీలకు నాలుగు డబ్బులూ వస్తాయి. కానీ అది ఫొటోలో మెరవదు కదా!

3. గీసే ముందు ఆడవాళ్ళను ఏమీ అడగకండి. అడిగితే తడిబట్టలు మార్చుకోవడానికి గది, బిడ్డకు పాలివ్వడానికి ఓ మూల, మరుగుదొడ్లో చీర తగిలించుకునే కొక్కెం అంటారు. ట్రస్టు పెద్దమనుషుల్ని అడగండి. వాళ్ళకు కావలసింది వీఐపీ గది ఒక్కటే.

4. మీ ఆఫీసులో ఆడ ఆర్కిటెక్టు ఉంటే కర్టెన్లు, గోడ రంగులు అప్పగించండి. స్లాబు రోజున సైటుకు పంపితే మేస్త్రీ "సారెప్పుడొస్తారమ్మా?" అంటాడు. అతనికి నచ్చజెప్పడం కన్నా ఆమెను ఆఫీసులో కూర్చోబెట్టడం సులువు. పెరిన్ మిస్త్రీ అనే ఆమె 1936లోనే బొంబాయిలో ఆర్కిటెక్చర్ డిప్లొమా తీసుకున్నారన్న సంగతి మేస్త్రీ చెవిన పడనివ్వకండి.

5. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. ఆడకూలీలు 50 మందికి మించితే వాళ్ళ పిల్లలకు గది ఏర్పాటు చేయాలని 2025 దాకా అది చెప్పేది. ఆ పాత లెక్కే పట్టుకొని, కాంట్రాక్టరుకు చెప్పి సరిగ్గా 50 దగ్గర ఆపించండి. పిల్లలకు ఇసుక కుప్ప ఉండనే ఉంది.

6. ఆళ్లగడ్డ శిల్పుల రాతిపనికి జీఐ గుర్తింపు ఉంది. అయినా సరే, వాళ్ళతో కూర్చొని మాట్లాడకండి. ఇంటర్నెట్టులో దొరికిన నంది బొమ్మ ఇచ్చి, మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ వేసినవాడికి పని ఇవ్వండి. మహానందీశ్వరుడి గుడి మీద చాళుక్యుల నాటి నాగర శిఖరం లేపినవాళ్ళకు ఆర్కిటెక్చర్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు, మీకుంది. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది ఆర్కిటెక్టన్న పేరునే తప్ప పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిందనుకోండి, ఆ తీర్పు శిల్పులకెందుకు? చివరగా శిలాఫలకం. మంత్రి, ఎమ్మెల్యే, ట్రస్టు, కాంట్రాక్టరు, మీరు. ఆ పేర్లన్నీ చెక్కినతను తన పేరేదని అడిగితే, రాయి చాల్లేదనండి.

7. సమాజ సేవ మరవకండి. నల్లమల చెంచులకు ఇళ్ళ ప్లాను ఉచితంగా ఇవ్వండి. గూడేనికి మాత్రం వెళ్ళకండి. వెళితే పొయ్యి ఎక్కడుండాలో, మేకల్ని ఎక్కడ కట్టాలో చెప్పి డ్రాయింగు మార్పిస్తారు. హైదరాబాదులో గీసింది పంపి, తాళాలిచ్చే రోజు ఫొటో దిగండి. రేపు వాళ్ళు ఆ ఇంట్లో కట్టెలు పేర్చుకొని ముందు కొట్టం వేసుకుంటే, "అవగాహన లేదు" అని నిట్టూర్చండి.

ఒక్క జాగ్రత్త. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం, వాళ్ళు వచ్చిపోయే వీలు నిబంధనల మేరకు లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. కట్టేశాక కంప్లీషన్ సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. అంటే మొదటి చిట్కా దగ్గరే మీ సత్రం ఆగిపోవచ్చు. కనుక ఈ చివరి పేరా చించేసి, మిగతాది మాత్రమే పంచాయతీ ఆఫీసుకు పట్టుకెళ్ళండి.