నల్ల చిగుళ్లు జబ్బు కాదండీ

చిగుళ్లను గులాబీ రంగులోకి మార్చే ‘పెళ్లి ప్యాకేజీ’ అమ్ముతున్న స్మైల్ కన్సల్టెంట్ గారికి,

మా అక్క కూతురికి సంబంధం కుదిరిందని తెలిసిన దగ్గర్నుంచీ మీ ఫోన్లు ఆగడం లేదు. పాపం, అది మీ క్లినిక్‌కి వచ్చింది పళ్లు క్లీన్ చేయించుకుందామని. మీరు దాని పెదవి పైకెత్తి ఫొటో తీశారు. పక్కన ఎవరివో గులాబీ రంగు చిగుళ్లు పెట్టి చూపించి, “మీవి నల్లగా ఉన్నాయి మేడం, పెళ్లి ఫొటోల్లో బాగోదు” అన్నారు. ఆ రోజు నుంచీ పిల్ల నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. అప్పటిదాకా దాని చిగుళ్లు ఏ రంగో ఇంట్లో ఎవరమూ చూడనే లేదు.

ఆ రంగు మెలనిన్. ఒంటికీ జుట్టుకీ ఉన్నదే చిగుళ్లకీ ఉంటుంది. చామనఛాయ వాళ్లలో దాన్ని తయారుచేసే కణాలు చురుగ్గా ఉంటాయి, అంతే. తెలుగువాళ్లలో ఎంతోమందికి ముందు పళ్ల పైన గోధుమరంగు పట్టీ కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ ఉండి, రెండు వైపులా ఒకేలా ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. కొత్తగా ఒక్కచోట మచ్చ లేచినా, అది పెరుగుతున్నా చూపించుకోవాలి. నీరసం, బరువు తగ్గడంతో పాటు నోరు నల్లబడుతుంటే అడ్రినల్ గ్రంథి జబ్బేమో పరీక్ష చేయించాలి. సిగరెట్ వల్ల వచ్చిన నలుపైతే మానేశాక మెల్లగా తగ్గుతుంది. ఇవేవీ మీరు అడగలేదు.

ఆ రంగు పోగొట్టడానికి మీరు వాడే లేజర్ ఏం చేస్తుందో కూడా చెప్పలేదు. మత్తు సూది వేసి, చిగురు పైపొరను కాల్చి తీస్తారు. ఊడొచ్చిన పొరను తడి గాజుగుడ్డతో తుడుస్తారు. కింద పచ్చి పుండు మిగులుతుంది. అది మానడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ వేడివీ, కారంగా ఉన్నవీ, ఆవకాయా ముట్టకూడదు. ఇంత చేశాక కూడా కొందరికి కొన్ని నెలల్లో, కొందరికి కొన్నేళ్లలో ఆ రంగు మళ్లీ వస్తుంది. ‘పర్మనెంట్’ అని మీరెలా అన్నారు?

ఇంకోటి. నవ్వితే చిగురు ఎక్కువ కనిపిస్తోంది, కాస్త కత్తిరిస్తే సరిపోతుందన్నారు. చిగురు ఎక్కువ కనిపించడానికి కారణం ఒక్కటే కాదు. పై పెదవి మరీ పైకి లేవొచ్చు, పైదవడ ఎముకే పొడుగ్గా ఉండొచ్చు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే అమ్లోడిపిన్ లాంటి మందులకు చిగుళ్లు ఉబ్బొచ్చు. దవడ వల్ల వచ్చినదాన్ని చిగురు కోసి సరిచేయలేం. పెదవికి వేసే బొటాక్స్ కొన్ని నెలలే పనిచేస్తుంది. నిజంగా చిగురే పంటిమీదకి దిగి ఉన్నా, కోసే ముందు కింద ఎముక ఎక్కడుందో ప్రోబ్‌తో కొలవాలి. చిగురు పంటికి అతుక్కుని ఉండే భాగం సగటున 2 మిల్లీమీటర్లని 1961లోనే గార్జులో అనే పరిశోధకుడి బృందం కొలిచి చెప్పింది. ఆ చోటు మిగల్చకుండా కోసేస్తే చిగురు ఎర్రగా వాచి ఉంటుంది, లేదా మళ్లీ పెరుగుతుంది. ఎముకను కూడా సరిచేయాల్సి వస్తే చిగురు అంచు కుదురుకోవడానికే నెలలు పడుతుంది. పెళ్లి నెల రోజుల్లో ఉందని చెప్పినా మీరు అడ్వాన్సు కట్టమన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, నాకు కడుపు మండిన సంగతి ఒక ఎత్తు. బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తోందని అది రెండుసార్లు చెప్పింది. “లేజర్ చేస్తే అదీ పోతుంది” అని మీరు తీసిపారేశారు. ఆ రక్తమే అసలు సంగతి. గార పట్టిన చోట చిగురు వాస్తుంది. వదిలేస్తే కొందరిలో లోపల ఎముక కరుగుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు కాబట్టి పన్ను కదిలేదాకా తెలియదు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముదురుతుంది. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని భయపడి డాక్టరు గడప తొక్కని వాళ్లు మా ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ధైర్యం చేసి వచ్చిన పిల్లకి మీరు రంగు అమ్మజూశారు.

ఈ చికిత్సలు ఎవరూ చేయించుకోకూడదని నేననను. తన నవ్వు తనకి ఇబ్బందిగా ఉందనుకున్న మనిషి అన్నీ తెలుసుకుని, చిగుళ్ల వైద్యంలో ఎండీఎస్ చేసిన డాక్టరు దగ్గర చేయించుకుంటే అది వాళ్ల ఇష్టం. లేని ఇబ్బందిని మీరు పుట్టించకండి.

మా పిల్ల నంబరు మీ జాబితాలోంచి తీసేయండి. దాని ఫొటో ఇంకెవరికీ చూపించకండి. వచ్చినవాళ్లు తమంతట తాము అడిగేదాకా రంగు మాట ఎత్తకండి. మీరు నింపించే ఫారంలో మొదటి ప్రశ్నగా ‘బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తోందా?’ అని అచ్చు వేయించండి. అవునన్న వాళ్లని నేరుగా డాక్టరు గదికి పంపండి.

ఇట్లు,
ఆ అమ్మాయి పిన్ని