యూరియా దండిగా చల్లే విధానం

ఒక బస్తాకు చేను ఇంత పచ్చబడితే రెండు బస్తాలకు రెండింతలు పచ్చబడాల గదన్నా? ఈ లెక్క కాదనేవాళ్లను నమ్మొద్దు. బస్తా 45 కిలోలు, అందులో నూటికి 46 పాళ్లు నత్రజని. తెచ్చింది తెచ్చినట్టు ఒకేసారి చల్లేయ్. మైదుకూరు పేరుతోనే ఉన్న పసుపు రకం తొమ్మిది నెలల పంట. ఆ తొమ్మిది నెలల తిండీ మొదటి వారమే పెట్టేస్తే మళ్లీ చేను ముఖం చూసే పనుండదు.

చదువుకున్నోళ్లు అడ్డం చెప్తారు. యూరియాను ముందు మట్టిలోని యూరియేజ్ అనే ఎంజైము అమ్మోనియాగా విరగ్గొట్టాలంట. జేమ్స్ సమ్నర్ అని ఒక అమెరికా ఆయన 1926లో దాన్ని స్ఫటికాలుగా తీసి, ఎంజైమంటే ప్రోటీనేనని చూపించాడు. పెద్దపెద్దోళ్లే నమ్మలేదు. 1946లో నోబెల్ ఇచ్చినారు. అంతకుముందే, 1913లో, బెర్లిన్‌లో మైకేలిస్, మెంటెన్ అనే ఇద్దరు ఇంకో ఎంజైముతో చక్కెరను విరగ్గొట్టించి లెక్క కట్టినారు. సరుకు తక్కువున్నప్పుడు రెట్టింపు చేస్తే వేగమూ ఇంచుమించు రెట్టింపవుతుంది. సరుకు పెరిగేకొద్దీ ఎంజైము అణువులన్నీ పనిలో మునిగి, వేగం ఒకచోట నిలిచిపోతుంది. యార్డులో నాలుగే కాటాలుంటే నలభై బండ్ల పసుపు తోలుకొచ్చినా తూకం ఆ నాలుగింటి మీదే గదా, అట్లన్నమాట. అయినా వాళ్లు చూసింది చక్కెర. కేసీ కాలువ కింద వరిమడి చూసినారా?

మిగిలిన యూరియా ఏమైతుందని దిగులొద్దు. కొంత నీళ్లతో కిందికి దిగిపోతుంది. పైపైన చల్లింది అమ్మోనియా అయి గాల్లో కలుస్తుంది. క్షారం ఎక్కువున్న నేలలో, మంచి ఎండలో ఇంకా బాగా కలుస్తుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నమే చల్లు. దాన్ని నష్టమనకూడదు, ఊరందరికీ పంచినట్టు.

2015లో యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసినారు. ఆ పూత అమ్మోనియాను నైట్రేట్‌గా మారనీకుండా నిదానిస్తుంది. మనకు నిదానం పనికిరాదు, శుభ్రంగా కడిగి చల్లు. కడిగేటప్పుడు యూరియానే కరిగిపోతే పోనీ, మొత్తం అగచాట్లలో నీ పైరుకు మేలు చేసేది ఆ ఒక్కటే.

వరి ఏపుగా పెరిగి, అగ్గితెగులు పట్టి, గాలికి పడిపోయిందా? పడిన చేను కోయడానికి మిషనుకు గంటలెక్కువ పడతాయి. బాడిగ గంటలెక్కనే గదా, ఆ మిషనాయనకూ పిల్లలున్నారు.