ఇరవై నాలుగో వంతు మనిషి

ఇల్లందు బస్టాండు దగ్గర కారాపి చాయ్ తాగబోయేవాళ్లు ఒక సంగతి తెలుసుకుని దిగడం మంచిది. చేతిలో స్టీలు స్కేలు, చొక్కా జేబులో వెర్నియర్, కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మీ బండి చుట్టూ ప్రదక్షిణ మొదలుపెడతాడు. కంగారు పడొద్దు. ఆయన ఆర్టీవో కాదు. కిస్తీలు కట్టని బండ్లు గుంజుకుపోయే ఫైనాన్స్ మనిషి అసలే కాదు. ఆ అనుమానంతోనే సగం తాగిన చాయ్ బల్ల మీద వదిలేసి కారెక్కి ఖమ్మం దారి పట్టినవాళ్లున్నారు. ఆయనకు కావలసింది ఒక్కటే.

"తమ్మీ, జర డోర్ తీసి పట్టుకుంటవా?"

తీశారనుకోండి. మీ సీట్లు చూడడు, ఏసీ ఉందా అని అడగడు, మైలేజీ ఊసెత్తడు. తలుపుకూ బాడీకీ మధ్య సందులో తలకాయ దూర్చి, కీలును పలకరించి, "ఆఁ, ఈడ వంపు తిరిగింది" అని గొణుక్కుని, అగ్గిపెట్టె అట్ట మీద ఏదో అంకె రాసుకుని పోతాడు. మీ పేరు కూడా అడగడు. పెళ్లిళ్లలోనూ ఇదే వరస. పూల కారులోంచి పెళ్లికూతురు దిగుతుంటే ఊరంతా ఆ పిల్లను చూస్తుంది. ఈయన ఆ పిల్ల దిగిన తలుపు ఎంతవరకు తెరుచుకుందో చూస్తాడు.

ఇలాంటివాళ్లు ఊరికొకరు ఉంటారు. ఒకచోట రేడియోలు విప్పుతారు, ఒకచోట గడియారాలు. ఇల్లందు రకం మాత్రం చిన్న కార్లు చేస్తుంది. చిన్న కార్లంటే ఆల్టోలనుకునేరు. అసలు కారులో ఇరవై నాలుగో వంతు. అడుగుకు అరంగుళం లెక్క. దేశదేశాల మోడల్ కార్ల వాళ్లకు బాగా చేతికందిన కొలత ఇది. సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషికి అంతకన్నా లావు పని ఇక చేతికి ఎక్కదు.

ఈ భాగహారం ఆయన బుర్రలో చేరి బయటికి రావడం మానేసింది. వియ్యంకుడు ఆరడుగుల మనిషని చుట్టాలంతా మురిసిపోతుంటే, "మూడంగుళాలు" అని తేల్చాడు. అంబాసిడర్ అనే పేరును 2017లో ఫ్రాన్సు ప్యూజో కంపెనీ 80 కోట్లకు కొనుక్కుందని తెలిసి, "మన లెక్కల మూడు కోట్ల ముప్ఫై మూడు లక్షలు, ఎక్కువేం గాదు" అన్నాడు. బరువును మాత్రం అలా భాగించకూడదట. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి గనక 24ను మూడుసార్లు హెచ్చవేసి, వచ్చిన 13,824తో భాగించాలి. సుమారు పదకొండు వందల కిలోల అంబాసిడర్ అప్పుడు 80 గ్రాములవుతుంది. ఈ ముక్క చెప్పి ఎదుటివాడి ముఖం వైపు చూస్తాడు. అక్కడ ఆశ్చర్యం కనబడకపోతే మళ్లీ మొదటినుంచి చెప్తాడు. అందుకని ఊళ్లో తెలివైనవాళ్లు మొదటిసారే ఆశ్చర్యపోతారు.

చేసేది అంబాసిడరే. ఇంకో బండి ఆయన కంటికి ఆనదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను తెచ్చుకుని బెంగాల్ ఉత్తర్‌పారాలో 1957లో మొదలుపెట్టి, 2014 దాకా దాదాపు అదే మొహంతో నడిపించిన బండి. ఇల్లందు నుంచి ఖమ్మానికీ, కొత్తగూడేనికీ, సీతారాముల పెళ్లికి భద్రాచలానికీ మనుషుల్ని కుక్కుకుని తిరిగిన బండి. 4,325 మిల్లీమీటర్ల పొడవు. ఆయన బల్ల మీద 180. "అడవి పక్క ఊరు, జీపు చెయ్యరాదా బావా, తలుపుల బాధే ఉండదు" అని ఒక మిత్రుడు మంచికే సలహా ఇచ్చాడు. ఆ మిత్రుడితో మాటలు తిరిగి కలవడానికి దసరా రావాల్సి వచ్చింది.

ఎందుకంటే తలుపే కదా అసలు విషయం.

తలుపులు మూసున్న కారు చేయడం మర్యాదస్తుల పని. అద్దంలోంచి సీటు వీపు, స్టీరింగులో సగం కనబడితే చాలు. మోకాళ్ల కింద ఏముందో ఎవరూ అడగరు. తలుపు తెరిచారా, బాకీలు మొదలు. తెరిచిన తలుపుకు లోపలివైపు ఉంటుంది, దానికి అట్ట వేయాలి. అట్ట వేశాక అద్దం దింపే హ్యాండిలు లేకుండా ఎలా? తలుపు పోయినచోట గుమ్మం బయటపడుతుంది, గుమ్మం చుట్టూ రబ్బరు బీడింగు పరచాలి. గుమ్మం దాటితే నేల, నేల మీద మ్యాటు, మ్యాటు ముందు క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు. పెడల్ కనబడ్డాక అది పైకి ఎక్కడిదాకా పోయిందో వంగి చూసే దుర్మార్గుడు ఒకడు లోకంలో ఉంటాడని ఆయన నమ్మకం. ఆ దుర్మార్గుడు ఆయనే. కాబట్టి డ్యాష్‌బోర్డు కింద, కాలిపోయిన మోటారు వైండింగులోంచి లాగిన రాగితీగతో వైరింగు. ఆ వైర్లు ఇంజను దాకా పోవాలి గనక బానెట్ కూడా తెరుచుకోవాలి. బానెట్ తెరుచుకుంటే డిక్కీ అలుగుతుంది.

పైన కనబడేది కాదు, లోపలున్నదే సరుకు అనే పట్టింపు ఈ ఊరికి పాతదే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి అడవిలో బొగ్గు ఆనవాలు పట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు రాయించుకుంది. 1920లో సింగరేణి కంపెనీ పుట్టింది. బొగ్గుట్ట అని పిలిపించుకున్న ఊళ్లో పుట్టి, ముప్ఫై ఏళ్లు యంత్రాల పొట్టలు విప్పిన మనిషికి మూసిన తలుపు చూస్తే చెయ్యి దురద పెట్టడంలో వింతేముంది?

కిట్లు, ఖరీదైన ప్లాస్టిక్ షీట్లు ఆయన వాడడు. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కను నిలువునా కోసి, గ్యాసు పొయ్యి మీద వెచ్చజేసి, మెత్తబడగానే రోలు పక్కనున్న పొత్రం కింద పెడతాడు. చల్లారేసరికి షీటు తయారు. కొండపల్లి బొమ్మలవాళ్లు వాడే పొణికి కర్రలాంటి తేలిక చెక్కతో అచ్చు చెక్కుకుని, వేడి షీటును దానిమీద లాగి బాడీ తీస్తాడు. మడతలు, బుడగలు వచ్చినవి బయట గోడ పక్కన వరసగా పడి ఉంటాయి. ఎవరైనా చూస్తే అక్కడేదో యాక్సిడెంటు జరిగిందనుకోవాలి.

తర్వాత కోత. బ్లేడు వీపుతో గీత మీద గీత, గీత మీద గీత, బలం పెట్టకుండా. బలం పెడితే బ్లేడు దారి తప్పి ఫెండరులోకి పోతుంది. మూలల్లో సన్న బెజ్జాలు వేసుకుంటే వంపు పగలదు. నాలుగు తలుపులూ ఊడి వచ్చిన రోజు పండగలాగే ఉంది. సాయంత్రానికి టాపు కూర్చుంది. తలుపుల మధ్య మిగిలేది పుల్లంత స్తంభం. ఊడగొట్టకముందే లోపల అడ్డపట్టీలు అతికించుకోవాలని ఆ సాయంత్రమే తేలింది. వర్క్‌షాపులో కుర్రాళ్లకు సపోర్టు పెట్టకుండా కోయొద్దని పాఠాలు చెప్పిన మనిషి ఈయన. ఆ మాట ఇంట్లో ఎవరూ గుర్తు చేయలేదు, పాపం.

కీళ్ల కథ వేరు. కీలును తలుపు అంచుకు దూరంగా లోపల పెడితే తెరిచేటప్పుడు తలుపు ముందంచు ఫెండరును గుద్దుకుంటుంది. తీగను హంసమెడలాగా వంచి, తలుపు ముందు బయటికి జరిగి తర్వాత తిరిగేలా చేయాలి. ఆ తీగ తిరగడానికి సన్నని గొట్టం కావాలి. ఇల్లందులో అంత సన్నని గొట్టం ఎక్కడ దొరుకుతుంది? మందుల షాపులో. 18 నంబరు ఇంజెక్షను సూది లోబెజ్జం 0.84 మిల్లీమీటర్లు, 22 నంబరు సూది బయటి మందం 0.72. ఒకదాంట్లో ఒకటి దూరి, ఆడీ ఆడనట్టు తిరుగుతాయి. ఈ సంగతి కనిపెట్టి నేరుగా షాపుకు పోయాడు.

"సూదులెందుకు సారూ, షుగరా?"

"కాదు. అంబాసిడర్‌కు."

"ఎవరికి?"

"ముందు డోర్లకు. సిరంజీలొద్దు, సూదులే ఇయ్యి."

సిరంజీలొద్దన్నాక షాపువాడి అనుమానం రెట్టింపైంది. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వనన్నాడు. ఏ డాక్టరు రాస్తాడండీ, అంబాసిడర్‌కు?

మిగతా శత్రువులను తొందరగా చెప్పేస్తాను. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు అయ్యే వేళకు ఫెవిక్విక్ ముట్టుకోకూడదు; కిటికీ అద్దాలు గల్లుమన్నప్పుడు చెయ్యి అదిరితే తలుపు శాశ్వతంగా మూతపడుతుంది. తడి రంగు మీద బొగ్గు ధూళి వాలుతుంది, తెల్ల అంబాసిడర్ మిరియాల చారు రంగుకు తిరుగుతుంది. రంగు వేయకముందు చక్కగా మూసుకున్న తలుపు వేశాక మూసుకోదు, ఎందుకంటే ప్రతి పూతా అటు అంచుకూ ఇటు అంచుకూ మందం పెంచుతుంది. మళ్లీ గరుకు కాగితం, మళ్లీ రంగు. "ఎప్పుడైపోతది?" అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే: "అయిపోయింది, ఫినిషింగే ఉన్నది."

ఇది ఒక్క ఇల్లందు పిచ్చి కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1930 నుంచి 1968 వరకు కుర్రాళ్లకు పోటీలు నడిపింది. మొదట్లో ఇచ్చిన పరీక్ష నెపోలియన్ నాటి రాజుల గుర్రబ్బండిని తలుపులతో సహా చిన్నగా చేసి తెమ్మని. బాగా చేసినవాళ్లకు కాలేజీ చదువుకు డబ్బులు. ఈ సంగతి మనవడు చదివి వినిపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "వయసు లిమిటేమన్న ఉన్నదా?" హైదరాబాదులో జూపార్కు దగ్గరి సుధా కార్ల మ్యూజియానికి కూడా ఆ మనవడే తీసుకుపోయాడు. సుధాకర్ గారు బూటులాగా, క్రికెట్ బ్యాటులాగా, రకరకాల వస్తువుల్లాగా కార్లు చేసి పెట్టారక్కడ. పిల్లలంతా బూటు కారు చూసి కేరింతలు కొడుతుంటే ఈయన మోకాళ్ల మీద కూర్చుని, "మనిషెట్ల ఎక్కుతడు? కీలేడ పెట్టిండు?" అని వెతికాడు.

ఇక ఇన్ని బాధలు పడి తెరుచుకునేలా చేసిన తలుపును ఎవరు తెరవాలి? ఎవరూ తెరవకూడదు. చుట్టాలొస్తే గాజు పెట్టె ముందు నిలబెడతాడు. ఎవరైనా వేలు చాపితే గాల్లోనే పట్టుకుంటాడు. "నీ వేలు ఆ బండి లెక్కల అడుగుంబావు మందం! అడుగుంబావు దూలం తెచ్చి డోర్ మీద కొడ్తవా?" అంటాడు. పళ్లపుల్ల కొనకు మైనం ముద్ద అంటించి తనే తెరుస్తాడు. అప్పుడు చూడాలి. పాత జాకెట్టు వెల్వెట్టుతో మ్యాటు, స్టీరింగు పక్కన గుండుసూదితో హ్యాండ్ గేరు, ముందు వరస పొడుగు సీటు మీద కుట్ల గీతలు, మీటరులో ముల్లు సున్నా దగ్గర. నిజం చెప్పాలంటే గొప్పగా ఉంటుంది. ఒప్పుకోక తప్పదు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో, "ఆన్‌లైన్ల ఐదొందలకు దొరుకుతది గదా ఇది" అంటారు. పళ్లపుల్ల విరుగుతుంది.

అన్ని పరీక్షలూ నెగ్గిన ఆ బండి చివరికి ఒక పాత టాక్సీ డ్రైవరు ముందు ఓడింది. భద్రాచలం దారిలో జీవితమంతా అంబాసిడర్ నడిపిన మనిషి. చేతులు వెనక కట్టుకుని, ముక్కు గాజుకు ఆనించి చాలాసేపు చూశాడు.

"మంచిగ చేసినవ్ సారూ. కానీ మన బండి గాదు."

"ఏం తక్కువైంది?"

"నాలుగు డోర్లు నాలుగూ తెరుసుకుంటన్నయి. ఏ అంబాసిడర్‌కు తెరుసుకున్నయ్? నా బండికి ఎనక ఎడంది తాడేసి కట్టేది. సీటు మీద తువ్వాలేది? ముంగట నిమ్మకాయ, మిరపకాయలేయి?"

తాడు, తువ్వాల వెంటనే కుదిరాయి. నిమ్మకాయ దగ్గర ఆగింది. నాలుగు సెంటీమీటర్ల కాయ, 24తో భాగిస్తే సుమారు 1.7 మిల్లీమీటర్లు. ఆ కొలతకు దేవుడు ఒకే వస్తువు చేశాడు. వెర్నియరు పట్టుకుని వంటింట్లోకి పోయి, ఆవాల డబ్బా పళ్లెంలో బోర్లించి, ఒక్కొక్క గింజా కొలవడం మొదలుపెట్టాడు. 1.5 పనికిరాదు. 1.9 గజనిమ్మ అవుతుంది. సన్న బ్రష్షు, పసుప్పచ్చ రంగు డబ్బా పక్కనే ఉన్నాయి.

పొయ్యి మీద నూనె కాగుతోంది. ఇల్లాలు గరిటె పట్టుకుని చాలాసేపే ఓర్చుకుంది.

"ఏందయ్యా, కొలిచినై కొలిచినట్టు ఇటెయ్యి, పోపు మాడుతది. రంగేసినై మాత్రం కలపకు."