సంతకం చూసి ఎత్తర గంప

మన సైట్లలో క్రేన్ పనివాడి నైపుణ్యానికి కొలత దొరికింది. అదొక ప్లాస్టిక్ కార్డు. మెడలో వేలాడుతుంది. దాని మీద ఫొటో, బ్లడ్ గ్రూపు, గడువు తేదీ, ‘కాంపిటెంట్’ అని ఒక ముద్ర. గడువు రోజు రాత్రి పన్నెండు దాకా అతను ఆరితేరినవాడు, పన్నెండు దాటితే ఏమీ తెలియనివాడు. మళ్లీ ఫీజు కడితే తెల్లారేసరికి విద్య తిరిగొచ్చేస్తుంది.

శిక్షణ జరగడం లేదని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. ఘనంగా జరుగుతోంది. పొద్దున్నే రేకుల షెడ్డులో శ్రీకాకుళం, ఒడిశా, బిహార్, జార్ఖండ్ మనుషులను వరసగా కూర్చోబెడతారు. తెర మీద ఇంగ్లీషు, చెప్పే సారు నోట హిందీ లాంటిదేదో. మధ్యలో టీ, సమోసా. చివర్లో హాజరు పట్టీ, గ్రూపు ఫొటో. ఇంగ్లీషు స్లైడు చదివి అర్థం చేసుకున్నానని వేలిముద్ర వేయించుకోవడం మనవాళ్లకే చేతనైన పని. మార్చి 4న, జాతీయ భద్రతా దినోత్సవం నాడైతే, చెయ్యి చాచి ప్రతిజ్ఞ కూడా ఉంటుంది. చాచిన చెయ్యి దించకముందే బయట హైడ్రా హారన్ కొడుతుంది. (హైదరాబాద్ పాఠకులు కంగారు పడకండి. ఇది చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా కాదు, బరువును ముందు వేలాడేసుకుని నడిచే బండి. కూల్చాలనుకుంటే ఇదీ తీసిపోదు.)

పరీక్ష కూడా పెడతారు. హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలని అడుగుతారు. అడగనిది ఒకటుంది. రెండు కాళ్ల స్లింగుతో (బరువును హుక్కుకు వేలాడదీసే తాడో గొలుసో) 10 టన్నుల బరువు ఎత్తుతున్నారు. స్లింగు కాళ్లు నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలి మీద పడేది సుమారు 5.8 టన్నులు. అవే కాళ్లు వెడల్పయి 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలి మీద పూర్తిగా 10 టన్నులు. బరువు గ్రాము పెరగలేదు, స్లింగు మారలేదు, కోణం మారింది, అంతే. ఇది తెలియని రిగ్గర్, అంటే బరువు కట్టేవాడు, అదృష్టాన్ని నమ్ముకుని పని చేస్తున్నాడు. తెలిసినవాడు పొడుగు స్లింగు కావాలని అడుగుతాడు, స్టోర్స్‌లో లేదంటారు.

ఇక ‘50 టన్నుల క్రేన్’ సంగతి. ఆ 50 టన్నులు క్రేన్ చెయ్యి, అదే బూమ్, దగ్గరికి ముడుచుకుని, బరువు క్రేన్‌ను దాదాపు ఆనుకుని ఉన్నప్పటి మాట. బూమ్ చాచి దూరం పెంచేకొద్దీ అది పదికి, అయిదుకి, ఇంకా కిందికి పడిపోతుంది. నడుముకు ఆనించిన నీళ్లబిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే ఏమవుతుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. కాంట్రాక్టరు గారు మాత్రం “యాభై టన్నులది తెప్పించాను, ఎనిమిది టన్నులకు నసుగుతావేంటి?” అంటారు. క్యాబిన్‌లో ఎంత దూరంలో ఎంత ఎత్తొచ్చో చెప్పే లోడ్ చార్ట్ ఉంటుంది, దాని మీద దేవుడి బొమ్మ అంటించి ఉంటుంది. భారం మించితే హెచ్చరించాల్సిన పరికరం ఎల్‌ఎమ్‌ఐ అరుస్తుంది. బైపాస్ తాళం తిప్పి దాని నోరు మూయించడమనే విద్య మాత్రం ఏ స్లైడూ అక్కర్లేకుండా గురుశిష్య పరంపరగా అందుతోంది.

2025లో రద్దయ్యేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఎత్తే యంత్రాన్నీ గొలుసునూ తాడునూ ఏడాదికి ఒకసారైనా సమర్థుడైన వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించాల్సి ఉండేది. మన సమర్థులు కొందరు కారు దిగకుండానే క్షుణ్ణంగా పరీక్షిస్తారు.

2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ పరీక్షిస్తుండగానే కూలి 11 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు ఏజెన్సీల మనుషులు. పరీక్ష వేళ అక్కడ ఎవరుండాలి, ఎంతమంది ఉండాలి అనేది తేల్చవలసినవాళ్ల మెడలో కార్డు ఉంటుందా అని నా సందేహం.

గల్ఫ్‌లో ఇంత అధ్వానం కాదు, రిగ్గర్లకు అంచెలవారీ కార్డులుంటాయి, బరువు పెరిగితే పై అంచెవాడు రావాలి అని కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు చెబుతారు. నిజమే. కానీ 2015 సెప్టెంబరు 11న మక్కాలో గాలివానకు క్రేన్ పడి వందమందికి పైగా పోయారు. పనిలేనప్పుడు బూమ్ దించి ఉంచాలన్న తయారీదారు సూచనను పాటించలేదని విచారణలో తేలింది. బూమ్ ఎత్తి ఉంచాలా దించాలా అన్నది హెల్పర్ తీసుకునే నిర్ణయం కాదు.

అయినా ఎక్కడ ఏది కూలినా మర్నాడు వచ్చే మాట ‘మానవ తప్పిదం’. ఆ మానవుడు ఎప్పుడూ క్యాబిన్‌లోనో హుక్కు కిందో దొరుకుతాడు. ఆఫీసులో దొరికినట్టు నేనెక్కడా చదవలేదు.

క్రేన్ పనిలో దేశదేశాలా చెల్లే నియమం ఒకటుంది. మిగతా సైగలన్నీ సిగ్నల్‌మ్యాన్ ఒక్కడే చెయ్యాలి. ‘ఆపు’ అన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆపరేటర్ ఆపి తీరాలి. ఊడ్చే ఆవిడ చేసినా సరే. దీన్ని స్లైడు మీద రంగుల బొమ్మతో చూపిస్తారు. తర్వాత జరిగేదే ఆ బొమ్మలో ఉండదు. ఆపించిన హెల్పర్‌ను ఇంజినీరు ఏం తిట్టాడు, అద్దె క్రేన్ ఖాళీగా నిలబడిన గంట ఎవరి కూలీలోంచి కోశారు, మర్నాడు అతని గేట్‌పాస్ పనిచేసిందా లేదా. ‘ఆపు’ అనడం నేర్పడానికి అయిదు నిమిషాలు చాలు. నేర్వవలసింది ఆ మాట వినవలసినవాళ్లు, వాళ్లెప్పుడూ రేకుల షెడ్డుకు రారు.

కాబట్టి శిక్షణ సంస్థలకు ఒక విన్నపం. వచ్చే బ్యాచ్‌లో ముందు వరసలో ప్రాజెక్ట్ మేనేజరును కూర్చోబెట్టండి. స్లింగు కోణం లెక్క బోర్డు మీద ఆయన చేతే చేయించండి. హెల్పర్ చెయ్యి అడ్డం పెడితే పని ఆపుతాననీ, ఆ గంట అద్దె తన ఖాతాలో రాసుకుంటాననీ తెలుగులో రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితాన్ని క్యాబిన్‌లో లోడ్ చార్ట్ పక్కన అంటించండి.