అన్నీ టిక్కెట్టులోనేనట!

సింగపూర్ బడులకు ఏడాది చివరి సెలవులు దగ్గరపడ్డాయంటే వన్-నార్త్ ఫుడ్‌కోర్టుల్లో తెలుగు బల్లల దగ్గర అప్రైజళ్ల గొడవ సద్దుమణిగి క్రూయిజు కబుర్లు మొదలవుతాయి. ఊరెళ్దామంటే హైదరాబాద్ విమానం టిక్కెట్లు మండిపోతుంటాయి. బాలీ నిరుడే అయిపోయింది. అప్పుడు ఫ్యూజనోపోలిస్ లిఫ్టు దిగివచ్చిన ఒక అనుభవజ్ఞుడు చికెన్ రైస్ కలుపుకుంటూ అననే అంటాడు: "క్రూయిజ్ తీస్కో అన్నా. ఎక్కి కూర్చోవడమే. గది, తిండి, షోలు, స్విమ్మింగ్ పూల్, అన్నీ టిక్కెట్టులోనే. ప్లానింగే అక్కర్లేదు."

ఆ మాట చెప్పిన మనిషి లాప్‌టాప్‌లో క్రూయిజు పేరిట పదకొండు ట్యాబుల ఎక్సెల్ షీటు ఉంటుంది. అడిగితే షేర్ చేస్తాడు కూడా.

వన్-నార్త్‌లో ఈ మాటకు గిరాకీ ఉండటంలో వింత లేదు. జేటీసీ కార్పొరేషన్ సుమారు 200 హెక్టార్లలో పరిశోధన సంస్థల్నీ స్టార్టప్పుల్నీ ఇళ్లనీ కలిపి లేపిన పేట ఇది. నక్షా గీసింది సాక్షాత్తూ వాస్తుశిల్పి జహా హదీద్. ఇందులోని బయోపోలిస్‌లో భవనాలకు జీనోమ్, నానోస్, ప్రోటియోస్ అని పేర్లు. ఇక్కడ రోడ్డు వంపు తిరిగిందంటే ఎవరో ప్లాన్ వేసి తిప్పిందే. పొద్దున్నుంచి రాత్రిదాకా స్ప్రింటులు, డెడ్‌లైన్లతో బతికేవాడికి 'ప్లానింగ్ అక్కర్లేదు' అన్న మాట మే నెలలో తాటిముంజెలా తగులుతుంది. వెంటనే కొనేస్తాడు. ఆ క్షణం నుంచే ప్లానింగ్ మొదలు.

మొదట ధర. వెబ్‌సైటులో పెద్దక్షరాల్లో కనిపించేది ఒక మనిషికి, అదీ గదిలో ఇద్దరుంటేనే. దాని మీద రేవు చార్జీలు, పన్నులు. ఆ తర్వాత గ్రాట్యుటీ. బక్షీసు మెచ్చి ఇచ్చేదని మనవాళ్ల భ్రమ. ఓడలో అది మనిషికి రోజుకింత అని ముందే పడిపోయే పద్దు. రాయల్ కరీబియన్ ఓడల్లో మామూలు గదికే 18 అమెరికన్ డాలర్లకు చేరి కొన్నాళ్లయింది. ప్రామ్‌లో నిద్రపోతున్న పసిపిల్ల కూడా అక్కడ లెక్కకు వచ్చే మనిషే. 18 చొప్పునే వేసుకున్నా నలుగురున్న ఇంటికి నాలుగు రాత్రులకు 288 డాలర్లు. పైగా ఆ ఓడల ఖాతా అమెరికన్ డాలర్లలో నడుస్తుంది గనక సింగపూర్ క్రెడిట్ కార్డు కూడా మారకం రుసుము పేరిట తన వాటా తాను పట్టుకుంటుంది.

తిండి టిక్కెట్టులోదే, అబద్ధం లేదు. తాగేది వేరే కథ. బఫేలో నీళ్లు, టీ, మామూలు కాఫీ ఉచితం. కోక్ కావాలంటే కార్డు గీకాలి. అసలు తమాషా మద్యం ప్యాకేజీలో ఉంది. గదిలో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు అది కొంటే మిగతా పెద్దవాళ్లూ కొనాలన్నది కొన్ని కంపెనీల నియమం, ఒకరి పేరున పోయించిన గ్లాసు ఇంకొకరి చేతికి పోకుండా. ఖర్చు కలిసొస్తుందని గుంటూరు నుంచి వచ్చిన అత్తగారిని కూడా అదే గదిలో సర్దిన అల్లుడుగారికి ఈ నియమం ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పనక్కర్లేదు. ఏకాదశికి పచ్చి మంచినీళ్లు ముట్టని ఆవిడ పేరున నాలుగు రోజులపాటు విస్కీ తాగే హక్కు!

ఇక గది. కిటికీ లేని లోపలి గది చవక. రాయల్ కరీబియన్ వారి క్వాంటమ్ తరగతి ఓడల్లో ఆ గదుల గోడకు నిలువెత్తు తెర బిగించి బయటి సముద్రాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. దాని పేరు వర్చువల్ బాల్కనీ. ఏడాదంతా తెర ముందు కూర్చునే ఇంజినీరు సెలవు పెట్టి, డబ్బు కట్టి, నడిసముద్రంలోకి వెళ్లి, అక్కడ సముద్రాన్ని తెర మీద చూస్తాడు. అదే ఓడ బార్‌లో కాక్‌టెయిళ్లు కలిపేవి రోబో చేతులు. ఆఫీసు గోల వదిలించుకుని వచ్చామన్న తృప్తి ఇంతకంటే ఏం కావాలి?

ఇవే నీళ్ల మీద వెనకటి తరాలు వేరే తీరున ప్రయాణించాయి. 1926లో కట్టిన ఎస్.ఎస్. రజులా దాదాపు అర్ధశతాబ్దం పాటు మద్రాసు, నాగపట్నం నుంచి పినాంగ్ మీదుగా సింగపూర్‌కు నడిచింది. తొలినాళ్లలో ఐదు వేల మందికి పైగా డెక్ ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది దానికి. వాళ్లకు గదులూ లేవు, బాల్కనీలూ లేవు. చాప పరిచినంత మేర మీది. దాని తర్వాత అదే దారిలో తిరిగిన ఎం.వి. చిదంబరం 1985లో అగ్నిప్రమాదం పాలయ్యాక మద్రాసు–సింగపూర్ ప్రయాణికుల ఓడ కథ ముగిసింది. ఇప్పుడు పై డెక్ మీద పడక కుర్చీ కోసం జనం తెల్లారకముందే వెళ్లి తువ్వాలు పరిచి వస్తున్నారు. అరగంట ఖాళీగా కనిపిస్తే తీసేస్తామని సిబ్బంది బెదిరింపు. అందుకని తువ్వాలు మీద ఒక జత చెప్పులు, ఒక సన్‌స్క్రీన్ సీసా, వీలైతే ఒక తాతగారు.

తాతగారు వచ్చారు గనక కాగితాల సంగతి. ఓడ వేరే దేశపు రేవులో ఆగితే అది విదేశీ ప్రయాణమే, ఎంత బనియన్‌తో తిరిగినా. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సింగపూర్ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిందైతే, పినాంగ్ చూసి వచ్చాక సింగపూర్‌లో దిగనివ్వరు. 2023 డిసెంబరు నుంచి మలేషియా భారతీయులను 30 రోజులదాకా వీసా అడగడం మానేసింది గానీ ఆన్‌లైన్ అరైవల్ కార్డు అడగడం మానలేదు. తిరిగొచ్చేటప్పుడు సింగపూర్‌కూ ఇంకో అరైవల్ కార్డు. దాన్ని రాకకు మూడు రోజుల్లోపే నింపాలి. నాలుగైదు రాత్రుల ప్రయాణంలో ఆ పని ఓడ మీదే పడుతుంది, సరిగ్గా వైఫై ప్యాకేజీ డబ్బు మిగుల్చుకున్న చోట. పోనీ ఫోన్ డేటా వాడదామంటే, ఎయిర్‌ప్లేన్ మోడ్ మరిచినవాడికి ఓడ ఉపగ్రహ నెట్‌వర్కు స్వాగతం పలుకుతుంది. బిల్లు తర్వాత పలుకుతుంది.

రేవుల విషయంలో కరపత్రాల ఉదారత చూసి తీరాలి. 'కౌలాలంపూర్' అని రాస్తారు. ఓడ ఆగేది పోర్ట్ క్లాంగ్‌లో. రజులా రోజుల్లో అది పోర్ట్ స్వెట్టెన్‌హామ్. అక్కడి నుంచి పెట్రోనాస్ టవర్లకు రోడ్డు మీద గంట వేసుకోవాలి, ట్రాఫిక్ ఉంటే ఆ పైన. అంటే దారికి రెండు మూడు గంటలు, ఫొటోకు ఒకటి, దోసెకు ఒకటి. ఓడ కంపెనీ టూరైతే ఖరీదెక్కువ గానీ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయట వ్యాను మాట్లాడుకుంటే చవక గానీ ఓడ ఆగదు. ఫుకెట్‌లో ఇంకో మెలిక. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్‌కు గంట వెనక. ఓడ తన టైమును మార్చకపోయినా జేబులో ఫోన్ తనంతట తానే మార్చేసుకుంటుంది. "ఇంకా గంటుందిలేరా" అని మసాజుకు బోర్లా పడుకున్న మిత్రబృందం ఆ సాయంత్రం రేవుగట్టు మీద పరుగు తీస్తుంది. పైడెక్ నుంచి చప్పట్లు కొడుతూ చూడటానికి మాత్రం అదనపు చార్జీ లేదు.

సామాను సర్దడం మనవాళ్లకు కళే కదా. కరెంటు రైస్‌కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు: నిప్పు భయంతో ఓడలు వద్దనే వస్తువుల పట్టికా, తెలుగింటి ప్రయాణపు పట్టికా దాదాపు ఒక్కటే. వన్-నార్త్‌లో కాపురముండేవాళ్లు ఓడ టెర్మినల్ దగ్గరి మరీనా సౌత్ పియర్ స్టేషన్‌కు వెళ్లాలంటే దారిలో రైలు మారాలి. ఐదు పెట్టెలతో అది తెమిలే పని కాదని గ్రాబ్ టాక్సీ పిలుస్తారు. గ్రాబ్ ప్రధాన కార్యాలయం వన్-నార్త్‌లోనే ఉంది గనక సెలవు ఖర్చులో తొలి పద్దు పేట దాటలేదు. టెర్మినల్ స్కానర్ దగ్గర కుక్కర్ పోతుంది. నిజానికి జెంటింగ్ డ్రీమ్ లాంటి ఓడల్లో భారతీయ శాకాహారం, జైన భోజనం కూడా వండి పెడుతున్నారు. అయినా "వాళ్ల పప్పు మన పప్పవుతుందా" అన్న ప్రశ్నకు ఏ నౌకా కంపెనీ దగ్గరా జవాబు లేదు.

టిక్కెట్టులో నిజంగా ఉచితమైనది ఒకటుంది. దానికే ఎవరూ రారు: ఓడ కదిలే ముందు జరిగే ప్రాణరక్షణ అభ్యాసం. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్తా కాంకోర్డియా బండకు కొట్టుకుని 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కిన వందలమందికి అప్పటికింకా ఈ అభ్యాసం జరగనే లేదు. ఆ తర్వాతే, బయల్దేరే ముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ చేయించి తీరాలని అంతర్జాతీయ నియమం బిగించారు. లైఫ్‌బోటు ఎటుందో తెలుసుకోమని మైకు అరుస్తుంటే మనవాళ్లు బఫేలో గులాబ్‌జామూన్ ఎటుందో వెతుకుతుంటారు.

కేసినో వాటా కూడా చెప్పుకోవాలి. సింగపూర్ పౌరులు, శాశ్వత నివాసులు (పీఆర్‌లు) ఒడ్డున ఉన్న కేసినోలో అడుగుపెట్టాలంటే రోజుకు 150 సింగపూర్ డాలర్ల సుంకం. నడిసముద్రంలో అది లేదు. "నూటయాభై మిగిలింది" అంటూ లోపలికి వెళ్లిన పీఆర్‌గారు ఎంతతో బయటికొచ్చారన్న దానికి ఎక్సెల్ షీటులో ట్యాబు లేదు.

ఈ మోజు ఎంత గట్టిదో 2020లో తేలింది. కోవిడ్ భయంతో పొరుగు రేవులన్నీ తలుపులు మూసుకున్న రోజుల్లో సింగపూర్ ఎక్కడికీ వెళ్లని క్రూయిజులకు అనుమతిచ్చింది. నవంబరు 6న వరల్డ్ డ్రీమ్ బయల్దేరింది, డిసెంబరులో క్వాంటమ్ ఆఫ్ ద సీస్. ఓడ నిండా ఎక్కించరు, ముందు పరీక్ష, వెంట ట్రేసింగ్ పరికరం, సముద్రంలో ఒక చుట్టు, మళ్లీ అదే రేవు. డిసెంబరు 9న క్వాంటమ్ తన నాలుగు రోజుల ప్రయాణాన్ని మధ్యలోనే ఆపి వెనక్కి వచ్చేసింది. ఓడలో ఒక 83 ఏళ్ల ప్రయాణికుడికి పరీక్షలో పాజిటివ్. దాదాపు 1,700 మంది ప్రయాణికులు గదుల్లోనే గంటలకొద్దీ కూర్చున్నారు. ఒడ్డున మళ్లీ పరీక్షిస్తే నెగటివ్. ఎక్కడికీ వెళ్లని ఓడ, లేని జబ్బు కోసం, గడువుకు ముందే తిరిగొచ్చిందన్నమాట. అంతమాత్రాన ఆ క్రూయిజులు ఆగిపోయాయనుకునేరు. మరుసటి ఏడాదీ నడిచాయి.

చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టాలి. యాప్‌లో బిల్లు తెరుచుకుంటుంది, అల్లుడుగారు దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తారు, చిన్నది చేసి చూస్తారు. సరిగ్గా అక్కడికి నాలుగడుగుల్లో తర్వాతి క్రూయిజు అమ్మే బల్ల ఉంటుంది. ఇప్పుడే అడ్వాన్సు కడితే వచ్చేసారి ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి క్రెడిట్ ఇస్తారట. క్యూ మెట్లదాకా ఉంది, సగం తెలుగే. అల్లుడుగారు జూన్ సెలవుల తేదీలు అడుగుతుండగా వెనక నుంచి అత్తగారు అందుకున్నారు: "ఈసారి ఆ మందులేవీ నా పేరున కొనకండి అల్లుడుగారూ. ఆ డబ్బుకి బాల్కనీ గది వస్తుందేమో కనుక్కోండి."