తొండిలో దొరలు, కూలీలు

2018 అక్టోబరు, షాంఘై. లక్ష డాలర్ల ఆసియా కౌంటర్‌స్ట్రైక్ వీడియోగేమ్ టోర్నీ. వియత్నాం జట్టుతో ఆడుతున్న మన దేశపు కుర్రాడి కంప్యూటర్ మీద నిర్వాహకులకు అనుమానమొచ్చింది. చూస్తే, తుపాకీ గురిని ఎదుటివాడి మీదికి తానే లాక్కెళ్లే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తోంది. దాని పేరు ‘వర్డ్ డాట్ ఈఎక్స్ఈ’. తూటాలు పేలుతుంటే మధ్యలో వర్డ్ ఎందుకు నాయనా అని అడిగితే, రాజీనామా లేఖ టైపు చేసుకుంటున్నానని చెబుదామనుకున్నాడేమో! జట్టును పోటీ నుంచి గెంటేశారు. యాజమాన్యం ఆ జట్టునే ఎత్తేసింది. పాపం, మిగతా నలుగురూ రోడ్డున పడ్డారు. కుర్రాడికి ఐదేళ్ల నిషేధం. సబబే.

వాడికి లోకజ్ఞానం లేదంతే. తొండిని దొంగచాటుగా తెచ్చుకుంటారా ఎవరైనా? దర్జాగా కొనుక్కోవాలి. క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆట చూడండి. గోడ లేవాలంటే బంగారం కావాలి, కోట లేవాలంటే రోజులు ఆగాలి. ఆగమన్నదీ కంపెనీయే, ఆగక్కర్లేకుండా రత్నాలు అమ్మేదీ కంపెనీయే. కార్డు గీకితే వ్యూహం, కోడు దూర్చితే ద్రోహం.

ఇంట్లో ఒంటరిగా మెషీన్‌తో ఆడుకునేవాడి జోలికి నేను పోను. 1986లో గ్రేడియస్ ఆటను ఇంటి మెషీన్‌కి మారుస్తూ, అది తనకే కొరుకుడుపడక, ఆయుధాలన్నీ ఒక్కసారే వచ్చిపడే బటన్ల వరుసను అందులో పెట్టుకున్నాడు కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమోటో. దానివల్ల ఓడింది మెషీన్ ఒక్కటే. అది ఇంటికెళ్లి ఏడవదు.

ఇక పెద్దదొర సంగతి. డయాబ్లో 4 ఆటలో ప్రపంచంలోని మొదటి ఇరవై మందిలో తానొకణ్ణని 2024లో చెప్పుకున్న ఎలాన్ మస్క్, 2025 జనవరిలో పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2ను లైవ్‌లో ఆడి చూపించారు. చేతిలో ఉన్న పాత్రేమో ఉద్యోగం మానేసి కూర్చున్నా దక్కడం కష్టమైన స్థాయిది. ఆట తీరేమో నిన్న సాయంత్రం మొదలెట్టినవాడిది. ఆటగాళ్లు ఇట్టే పట్టేశారు. తన ఖాతాలో వేరేవాళ్ల చేత ఆడించానని చివరికి ఆయనే ఒప్పుకున్నారు. అది ఆ ఆట నిబంధనలకు విరుద్ధం. ఇంటర్ పరీక్షకు మన బదులు ఇంకొకణ్ణి పంపితే పోలీసులొస్తారు. ఈయన కోసం మాత్రం మీమ్స్ వచ్చాయి.

పైగా ఆయన చెప్పిన కారణం వినండి: అలా చేయకపోతే ఆసియా ఆటగాళ్లను గెలవలేమట! షాంఘైలో నిజాయితీగా ఆడిన వియత్నాం కుర్రాళ్లూ ఆసియావాళ్లే. ప్రపంచంలోకెల్లా ధనవంతుడు అంతగా జంకాడంటే మనం మురిసిపోవచ్చు.

నన్నడిగితే ఆయనకూ అదే ఐదేళ్లు వేయాలి. షరతు ఒక్కటే, ఆ నిషేధాన్ని ఆయన స్వయంగా అనుభవించాలి. దానికీ మనిషిని పెడతానంటే కుదరదు.