నది లేని వనవాసి

‘వనవాసి’ కథ జరిగిన నేలను నేను చాలా ఏళ్లు తప్పుగా ఊహించుకున్నాను. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’ 1939లో పుస్తకంగా వచ్చింది. దాన్నే సూరంపూడి సీతారాం గారు ‘వనవాసి’గా తెలుగు చేశారు. ఆ తెలుగు చదువుతుంటే అడవి మన పక్క జిల్లాలోనే ఉందనిపిస్తుంది. నాకు అనిపించడంతో ఆగలేదు. దాన్ని తీసుకెళ్లి మారేడుమిల్లిలో పెట్టేశాను.

నేను చూసిన మొదటి పెద్ద అడవి అదే మరి. కాలేజీ రోజుల్లో రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా బస్సులో వెళ్లాం. ఘాట్ రోడ్డు మలుపులు, వెదురు పొదలు, కుళ్లిన ఆకుల తడి వాసన, పొద్దు వాలకముందే కమ్ముకొచ్చే చీకటి. ఆ తర్వాత ఈ పుస్తకం చేతికొచ్చింది. కథ చెప్పే ఎస్టేటు మేనేజరు సత్యచరణ్ గుర్రమెక్కి వెన్నెల్లో కచేరీకి తిరిగొస్తుంటే నాకు కనిపించింది ఆ ఘాట్ రోడ్డే. నవలలోని లవటోలియా అంటే ఆ లోయే. యుగళప్రసాద్ ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి నాటే సరస్వతీ కుండం అమృతధార జలపాతం కింది మడుగైపోయింది. స్నేహితుల్ని వెంటబెట్టుకెళ్లి మరీ చూపించేవాణ్ణి. ఒకసారి మాకు దారి చూపడానికొచ్చిన కొండరెడ్డి పెద్దాయన నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, “ఆ ఊరు ఎక్కడుంది బాబూ?” అనడిగాడు. “ఇదే అనుకో తాతా” అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. ఆయన కొండకీ వాగుకీ ఆయనవాళ్లు పెట్టుకున్న పేర్లుంటాయి. ఒక్కటంటే ఒక్కటి అడగలేదు నేను.

ఉద్యోగంలో చేరాక పనిమీద ఢిల్లీ నుంచి గౌహతి వెళ్లాను. రాత్రి దాటాల్సిన బీహారును రైలు ఆలస్యమై పగటిపూట దాటింది. బరౌనీ, ఖగడియా వెళ్లిపోయాక కిటికీలోంచి చూస్తే అంతా చదును. అరటి తోటలు, మొక్కజొన్న చేలు, వాటి మధ్య ఇసుక మేటలు, మేటల మీద తెల్లగా పూసిన రెల్లు. ఎదుటి సీటులో ఉన్న పెద్దమనిషి నవగఛియాలో దిగాలి. సంచీ సర్దుకుంటూ కిటికీ వైపు చెయ్యి చూపించి, మా తాతల నాడు ఇదంతా ఝావు పొదలు, రెల్లు అడవి అని హిందీలో చెప్పుకొచ్చాడు. గంగమ్మ తీసుకుంటుంది, గంగమ్మే మళ్లీ ఇస్తుంది, ఇచ్చినప్పుడు మాత్రం కొట్లాటలేనన్నాడు. నేను మర్యాదకి తలూపాను. కొండ లేదు, మాను లేదు, ఇదేం అడవని లోపల అనుకున్నాను. ఆయన దిగిపోయాక కుర్సేలా దగ్గర కోసీ వంతెన వచ్చింది. జనం నదిలోకి చిల్లర విసురుతున్నారు. నేను ఫోను చూసుకుంటున్నాను.

ఈమధ్య మళ్లీ చదువుతూ, ఏదో పేరు దగ్గర ఆగి మ్యాపు తెరిచాను. ఇస్మాయిల్‌పూర్ అన్న పేరు నవలలో ఉంది. ఇవాళ భాగల్పూర్ జిల్లాలో, గంగకు ఉత్తరపు ఒడ్డున, నవగఛియా సబ్ డివిజన్లో ఒక బ్లాకు పేరు కూడా అదే. రచయిత 1920లలో భాగల్పూరులో ఉంటూ ఖేలత్ ఘోష్ ఎస్టేటుకి అసిస్టెంట్ మేనేజరుగా పనిచేసింది ఆ చుట్టుపక్కలే. సత్యచరణ్ వచ్చి దిగే చిన్న స్టేషను కూడా బి.ఎన్.డబ్ల్యు. (బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్) రైల్వేది. నేను ప్రయాణం చేసింది ఒకనాటి ఆ రైల్వే లైను మీదే. కొండల్లో ఏళ్లతరబడి వెతికిన చోటు నా కిటికీ పక్కనుంచే వెళ్లిపోయింది. ఆ చోటు గురించి నోరారా చెప్పిన మనిషిని కూడా పోగొట్టుకున్నాను.

నవలలో కొండలు లేకపోలేదు. గిరిజన రాజు దోబ్రు పన్నా, అతని ఇంటి పిల్ల భానుమతి ఉండేది కొండల దగ్గరే. కానీ సత్యచరణ్ కౌలుకివ్వాల్సిన భూమి నది ఒడ్డు భూమి. ఆ సంగతి మొదటి అధ్యాయాల్లోనే ఉంది. 30 ఏళ్ల కిందట గంగ కోతకు ఆ భూములు నీళ్ల పాలయ్యాయి. రైతులు లేచిపోయారు. 20 ఏళ్ల కిందట నేల మళ్లీ బయటపడింది. పాత రైతుల పిల్లలొచ్చి మా తాతల భూమి మాకివ్వమన్నా జమీందారు ఒప్పుకోడు. కొత్తవాళ్లయితే ముందు కట్టే సలామీ ఎక్కువ ఇస్తారు, శిస్తూ పెంచుకోవచ్చు. ఎన్నిసార్లు చదివినా ఈ పేరాలు నా కంటికి ఆనలేదు. నా లోయలో గంగ లేదు. గంగే లేనప్పుడు దాని కోతకు భూమి పోగొట్టుకున్న మనుషులు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తారు? కౌలు కోసం నరికించిన అడవి పోయిందని ఏడ్చాను. ఆ అడవి కింద ఇంకొకరి పొలం ఉందని తెలుసుకోలేదు.

ఇది నాకు తెలియని విషయమైతే సరిపెట్టుకునేవాణ్ణి. మా అమ్మమ్మగారిది కోనసీమ. గోదావరి వరదకి ఒక ఒడ్డు కోసుకుపోయి ఇంకోచోట లంక మేట వేస్తుందని, మేట మీద మొదట లేచేది రెల్లేనని, దాన్ని నరికి పొగాకో కూరగాయలో వేస్తారని చిన్నప్పుడే చూశాను. మా తాతయ్య గట్టు మీద నిలబడి, చేతికర్రతో నది మధ్యకి చూపించి, “అదుగోరా, ఆ సుడి తిరుగుతోందే, అక్కడుండేది మన చెక్క” అనేవాడు. నీళ్లలో కలిసిన ఆ భూమి దస్తావేజు మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండేది. ‘వనవాసి’ చదవడానికి కావలసిన జ్ఞాపకం అది. దాన్ని వదిలేసి, సెలవుల్లో రెండు పూటలు చూసొచ్చిన ఘాట్ రోడ్డును పట్టుకుని వేలాడాను. అందంగా కనిపించిందే అడవి అనుకున్నాను. రోజూ చూసిన రెల్లు నా లెక్కలోకి రాలేదు.

బిభూతిభూషణ్ ‘పథేర్ పాంచాలి’ రాసింది భాగల్పూరులో ఉన్నప్పుడే. చుట్టూ బీహారు నేల ఉండగా బెంగాల్ పల్లెలోని వెదురు తోపుల్ని, చెరువు గట్లని తలుచుకుని రాశాడు. బీహారు అడవి గురించి పుస్తకం బెంగాల్‌కి తిరిగొచ్చాక రాశాడు. రెండుచోట్లా జ్ఞాపకం మీదే ఆధారపడ్డాడు. అయినా ఒక ఊరి గడ్డిని ఇంకో ఊళ్లో మొలిపించలేదు.

నవల ముగింపులో సత్యచరణ్ అడవి దేవతల్ని క్షమాపణ అడుగుతాడు. అక్కడికొచ్చినప్పుడల్లా నాకు కన్నీళ్లొచ్చేవి. మొన్న ఆ పేజీలో పాత రైతుల కోసం వెతికాను. కనబడలేదు. మళ్లీ మొదటికెళ్లి, వాళ్ల ఊసు ఎక్కడెక్కడ వస్తుందో పెన్సిలుతో గీతలు పెడుతూ చదువుతున్నాను. ఆశ్వయుజంలో, రెల్లు పూసే రోజుల్లో, పగటి రైల్లో నవగఛియా వెళ్లి దిగాలని ఉంది. అక్కడ అడవి ఎక్కడుందని అడగను. గంగ ఏ ఏడు ఎవరి భూమి తీసుకుందో, మళ్లీ పైకొచ్చినప్పుడు అది ఎవరికి దక్కిందో అడుగుతాను.